ఇంటికో రాయి

నవంబర్ 10, ఆదివారం

పోలీస్ స్టేషన్ శంకుస్థాపన రాయి మీద ఉల్లిగడ్డ కోసుకుని మందు తాగేవాళ్ళను నువ్వెప్పుడైనా చూశావా? చూడకపోతే మా కాలనీకి రా. పొద్దు గూకే వేళకు రా.

ఎవరిని అడుగుతున్నానో నాకే తెలియదు. ఈ డైరీ గ్రేస్ ఇచ్చింది. గ్రేస్ నా తమ్ముడు రాజ్ కిరణ్ బిడ్డ, నిజామాబాద్‌లో ప్రైవేట్ హాస్పిటల్‌లో నర్సు. మందుల కంపెనీ వాళ్ళు పంచిన పాత డైరీ. కాగితం మంచిగుంది, తేదీలు కొట్టేసి రాసుకో అత్తమ్మా అంది. నాకు ఎదురుగా ఒక మనిషి ఉంటే తప్ప మాట రాదు. కాబట్టి నువ్వెవరివైనా సరే, కూర్చో. విను.

నేను శారమ్మను. బీడీలు చుడతాను. బడి ముఖం చూడలేదు. అక్షరాలు బైబిల్ మీదే కూడబలుక్కుని నేర్చుకున్నాను. పాస్టర్ గారు రాని ఆదివారాలు మెథడిస్ట్ సంఘంలో నేనే వాక్యం చెబుతాను. ఆయన వచ్చిన ఆదివారాలు కూడా కొంచెం చెబుతాను.

బోధన్ నుంచి నిజామాబాద్ పోయే రోడ్డు మీద బస్సు దిగి, చెరకు మళ్ళ మధ్యగా నడిస్తే మా డబుల్ బెడ్రూం కాలనీ. బస్ స్టాప్‌కూ కాలనీకీ నడుమ ఖాళీ జాగా ఉంది. అదే స్టేషన్ జాగా. సర్కారు మాకు ఇళ్ళు ఇచ్చిన ఏడాదే పెద్దమనిషి ఒకాయన వచ్చి తెర లాగాడు. నల్లటి గ్రానైట్ రాయి, దాని మీద బంగారు అక్షరాలు. మేమంతా చప్పట్లు కొట్టాం. తెర కట్టిన తాడు ఇంకా ఆ రాయికే వేలాడుతోంది. మొదట టెండర్‌కు ఎవరూ రాలేదన్నారు. తర్వాత ఒక కాంట్రాక్టర్ వచ్చి కాలువంత గుంత తవ్వి మాయమయ్యాడు. ఇప్పుడు ఫైల్ పైన ఉందంటారు. ఎంత పైన అని అడిగితే ఆకాశం చూపిస్తారు. ఆకాశంలో ఎవరున్నారో నాకు తెలుసు. ఆయన దగ్గర ఏ ఫైలూ ఆగదు.

ఈలోగా ఆ జాగాలో మా దిక్కు ఇసుక దందా చేసే భూమేష్ ట్రాక్టర్లు నిలబడ్డాయి. పగలు చెరకు మోస్తాయి, చీకట్లో మంజీర ఏటి ఇసుక దొంగతనంగా మోస్తాయి. అతని డ్రైవర్లే ఆ రాయి మీద కూర్చునేది.

నవంబర్ 13

కోపంతో రాస్తున్నాను.

గ్రేస్ సాయంత్రం డ్యూటీ దిగి వస్తుంటే ఆ తాగుబోతులు దారికి అడ్డంగా కాళ్ళు చాపారట. ఒకడు బ్యాగ్ గుంజుకుని టిఫిన్ డబ్బా తెరిచి వాసన చూశాడట. ఇంకొకడు చొక్కా చెయ్యి పైకి మడిచి, నర్సమ్మా జెర సూది ఇచ్చిపో అన్నాడట. బ్యాగ్ అక్కడే వదిలేసి చెరకులో పడి పరిగెత్తుకుంటూ వచ్చింది. ఆకు కోసి మోచేతులన్నీ గీతలు.

ఫోన్ చేశాం. జీపు వచ్చింది, కాని అన్నం తిని గిన్నెలు తోమేశాక వచ్చింది. వచ్చినాయన మంచివాడే. అమ్మా, గీ దిక్కంత మాకు ఒక్కటే బండి, ఏం జెయ్యాలె అన్నాడు. స్టేషన్ కట్టుండ్రి అన్నాను. నేను కడ్తనా అమ్మా, నేను హోంగార్డును అన్నాడు.

రాజ్ కిరణ్ రైస్ మిల్లులో బస్తాలు మోస్తాడు. బిడ్డ నర్సు అయిన రోజు వీధంతా లడ్డూలు పంచిన మనిషి. ఇవాళ గోడ వైపు తిరిగి కూర్చుని, నౌకరీ బంద్ బెట్టు బిడ్డా, గంజి తాగుదాం అన్నాడు.

నవంబర్ 14

గ్రేస్ డ్యూటీకి పోలేదు. యూనిఫాం ఇస్త్రీ చేసి మళ్ళీ పెట్టెలో పెట్టింది.

నవంబర్ 17, ఆదివారం

హెడ్ నర్సు ఫోన్ చేసింది. ఈ నెలాఖరు దాకా చూస్తామట, ఆ తర్వాత వేరే అమ్మాయిని పెట్టుకుంటారట. మా ఇంట్లో మొట్టమొదటి జీతం అది, పేరు పక్కన స్టాఫ్ నర్స్ అని రాసి వచ్చిన జీతం. నేను దాన్ని పోనివ్వను.

ఇవాళ వాక్యం యెహోషువ మీద చెప్పాను. యొర్దాను దాటిన జనం గోత్రానికో రాయి మోసుకొచ్చి కుప్ప పెట్టారు కదా, రేపటి పిల్లలు ఈ రాళ్ళేమిటని అడగాలని. మనది అనే చోట సాక్షి పెట్టుకోకపోతే భూమేష్ ట్రాక్టరే సాక్షి అవుతుందన్నాను. ఇంటికో రాయి తెండి, స్టేషన్ జాగాలో కుప్ప పెడదాం అన్నాను. పాస్టర్ గారు గడియారం చూశారు. నేను చూడలేదు.

సంఘానికే కాదు, కాలనీ అంతా తిరిగి చెప్పాను. పక్కింటి హన్మవ్వ నాతోపాటు బీడీలు చుడుతుంది. రాయి దేవునికా, పోలీసులకా అని అడిగింది. ఇద్దరికీ అన్నాను. గాజుల బండి నడిపే సాలేహా, మాది గూడ పెట్టొచ్చా అక్కా అంది. నీ ఇల్లు కాలనీలో లేదా అన్నాను.

నవంబర్ 24, ఆదివారం

పెట్టాం. ఎన్ని రాళ్ళో లెక్కపెట్టలేదు. హన్మవ్వ విరిగిన ఇసుర్రాయి తెచ్చింది. సాలేహా ఇంటి నేలకు పరిచే షాబాద్ బండ ముక్క తెచ్చింది. ఒక ముసలాయన మూతబడిన షుగర్ ఫ్యాక్టరీ గోడ నుంచి రాలిన ఇటుక తెచ్చి, నా నౌకరీ గీడనే వోయింది, గీన్నే ఉండనీ అన్నాడు. గ్రేస్ మాత్రం మంజీర గుండ్రాయి తెచ్చింది, కోడిగుడ్డంత నున్నగా ఉంది. కుప్పకు సున్నం వేశాం. పైన చిన్న కర్ర శిలువ నాటాను. ఇది బలిపీఠం కాదు, ఎవరూ మొక్కొద్దు, ఇది సాక్షి అని గట్టిగా మూడుసార్లు చెప్పాను.

భూమేష్ మోటార్ సైకిల్ ఆపి, బీడీల శారమ్మా, మంది ఊపిరి దీసే చేతులతోని దేవునికి ఇల్లు గడుతున్నవా అన్నాడు. దేవునికి కాదు బిడ్డా, నీకే, ఊసలున్న ఇల్లు అన్నాను. అందరూ నవ్వారు. అతను కూడా నవ్వాడు, అది నాకు నచ్చలేదు.

నవంబర్ 27

హల్లెలూయా. సాలేహా కళ్ళారా చూసి వచ్చి చెప్పింది. నిన్న పొద్దు గూకాక ఆ డ్రైవర్లు సీసాలతో వచ్చారట. తెల్లగా మెరుస్తున్న కుప్పను చూసి ఆగారట. ఒకడు సీసా చొక్కా కింద దాచుకున్నాడట. ఇంకొకడు చెప్పులు విడిచి చెంపలు వేసుకున్నాడట. అందరూ తల వంచుకుని పోయారట. జీపు చేయలేని పని రాళ్ళు చేశాయి.

పొద్దున ట్రాక్టర్లు కూడా లేవు.

నవంబర్ 29

గ్రేస్ డ్యూటీకి పోయింది. బస్ స్టాప్ దగ్గర నేనూ హన్మవ్వా నిలబడి చూశాం. మళ్ళీ సాయంత్రం నిలబడ్డాం. చేతులు ఊపుకుంటూ వచ్చింది. హన్మవ్వ ఏడ్చింది. నేను ఏడవలేదు. మరి చెంప ఎందుకు తడిగా ఉందని గ్రేస్ అడిగితే మంచు అన్నాను.

డిసెంబర్ 15

ఇసుర్రాయికి ఎవరో పసుపు పూశారు. పక్కన నిమ్మకాయ పెట్టారు. ఎవరో ఏమిటి, హన్మవ్వే. మనుమరాలికి జ్వరం తగ్గిందట. నేను మొక్కొద్దన్నాను గదా అంటే, నీ రాయికి మొక్కలే, నా రాయికి మొక్కిన అంది.

గట్టిగా చెప్పాల్సింది. కాని గ్రేస్ రోజూ ఆ దారినే వస్తోంది. నోరు మూసుకున్నాను.

డిసెంబర్ 25

క్రిస్మస్. కుప్ప మీద స్టార్ పెట్టాం. ఇప్పుడు దాని మీద పచ్చ చాదర్ కూడా ఉంది. సాలేహా బండి ముందు సీసాలు పగలడం ఆగిపోయిందని మొక్కు తీర్చుకుందట. సాయంత్రాలు ఊదు వేస్తోంది. కేక్ పంపాను, షీర్ ఖుర్మా పండక్కి పంపుతానంది.

జనవరి 28

జేసీబీ వచ్చింది. విను, జేసీబీ వచ్చింది. పసుపు రంగు బండి చెరకు ట్రాక్టర్లను పక్కకు తప్పుకోమంటూ మా దారిలోకి తిరిగింది. వెనక జీపులో ఇంజనీర్ శాంతి కుమార్ సారు. మన సంఘం బిడ్డే, డిచ్‌పల్లి వైపు. కొత్త కాంట్రాక్టర్ దొరికాడట. చాట కింద పెట్టి పరిగెత్తాను. ఒడిలో పొగాకంతా దారి పొడుగునా రాలింది.

జేసీబీ కుప్ప దగ్గరికి వచ్చి ఆగింది. డ్రైవర్ దిగాడు. సిరికొండ అడవి వైపు మనిషి. చెప్పులు విడిచాడు. దండం పెట్టాడు. మళ్ళీ ఎక్కి, కీ తీసి జేబులో వేసుకున్నాడు. సారూ, చెరువులు తవ్విన, గుట్టలు తవ్విన, ముగ్గురు దేవుళ్ళ నడుమ బకెట్ పెట్ట, నాకు పిల్లలున్నరు అన్నాడు.

శాంతి కుమార్ సారు కుప్ప చుట్టూ తిరిగాడు. ఫోటోలు తీసుకున్నాడు. శంకుస్థాపన రాయి కుప్ప వెనక ఎక్కడో పడిపోయి ఉంది, దాన్ని ఎవరూ చూడలేదు. అక్కా, ఇది ఎవలు పెట్టిండ్రు అన్నాడు. నేనే అన్నాను, గొప్పగా. ఆయన తల పట్టుకున్నాడు.

బండి వెనక్కి పోయింది.

జనవరి 29

నిన్నంతా నిద్ర లేదు. శాంతి కుమార్ సన్బల్లటు అనుకున్నాను, నెహెమ్యా యెరూషలేము గోడ కడుతుంటే ఆపజూసిన సన్బల్లటు. పొద్దున్నే ఫోన్ చేసి ఆ మాటే అన్నాను. ఆయన అంతా విని మెల్లగా చెప్పాడు. అక్కా, శిలువ తీస్తే మనోళ్ళు లేస్తరు. పసుపు తుడిస్తే హన్మవ్వ వాళ్ళు లేస్తరు. చాదర్ ముట్టుకుంటే ఇంకొకళ్ళు లేస్తరు. ముగ్గురూ కలిసి నన్ను ఆదిలాబాద్ అవతలికి ట్రాన్స్‌ఫర్ చేయిస్తరు. జాగా క్లియర్ లేదని రాసి పంపిన. నేను రాసింది అబద్ధమా చెప్పు.

అబద్ధం కాదు. అందుకే ఫోన్ పెట్టేశాను.

ఫిబ్రవరి 6

ఎలక్షన్ కోడ్ అట. ఇంకో సాకు.

ఫిబ్రవరి 23, ఆదివారం

ఇవాళ ఒక వింత జరిగింది. కూడిక అయ్యాక భూమేష్ మా ఇంటికి వచ్చాడు. చెప్పులు గడప బయట విడిచాడు. బీడీల శారమ్మా అనలేదు, శారమ్మవ్వా అన్నాడు. రాళ్ళ మీద రేకుల షెడ్ వేయిస్తాడట. కింద టైల్స్. మైకు. ముందు బోర్డు, దాని మీద శారమ్మ ప్రార్థనా స్థలం అని పేరు. హన్మవ్వకు ఒక గూడు, సాలేహాకు ఒక మూల. నువ్వు గీ కాలనీకి చేసినదానికి గదెంత అవ్వా అన్నాడు. ఒక్క పైసా అడగడట.

టీ ఇచ్చాను. రెండు కప్పులు తాగాడు.

ఫిబ్రవరి 24

శారమ్మ ప్రార్థనా స్థలం.

రాసి చూసుకున్నాను. బాగుంది. నీకు అబద్ధం చెప్పను, చాలా బాగుంది.

మార్చి 6, గురువారం

మా లెంట్ ఉపవాసాలు మొదలయ్యాయి. సాలేహాకు రంజాన్ రోజాలు మొదలయ్యాయి. ఇద్దరం ఆకలితోనే ఉన్నాం కాబట్టి ఇద్దరం కోపంగానే ఉన్నాం.

పొద్దున రాజుల గ్రంథం తెరిచాను. ఎప్పుడూ చదివే చోటే. మోషే చేసిన ఇత్తడి సర్పం. దేవుడు చేయమంటేనే చేశాడు, దాన్ని చూసినవాళ్ళు బతికారు. తర్వాత జనం దానికే ధూపం వేశారు. హిజ్కియా రాజు ఏం చేశాడు? మోషే చేతి పని అని చూడలేదు. మనల్ని బతికించింది గదా అని చూడలేదు. ముక్కలు చేశాడు. ఇది ఉత్త ఇత్తడి అన్నాడు.

పుస్తకం మూసి బయటికి వచ్చాను. ఇసుక ట్రాక్టర్ పోతోంది. ఇప్పుడు చీకటి కోసం ఆగడం లేదు, పట్టపగలే పోతోంది. డ్రైవర్ కుప్ప దగ్గర స్పీడ్ తగ్గించి దండం పెట్టుకుని మరీ పోయాడు.

అక్కడే నిలబడిపోయాను. భూమేష్ టైల్స్ ఎందుకు వేయిస్తానన్నాడో అప్పుడు తెలిసింది. స్టేషన్ లేకపోతే ఇసుకకు అడ్డం లేదు. స్టేషన్ రాకుండా ఉండాలంటే ఆ జాగాలో దేవుడు ఉండాలి. కబ్జా నుంచి కాపాడాలని నేను రాళ్ళు పెట్టాను. ఆ రాళ్ళతోనే అతను స్టేషన్‌ను ఆపుతున్నాడు. బోర్డు మీద పేరు నాది, పని అతనిది.

నేను పెట్టిన కుప్ప. నేనే తీస్తాను.

మార్చి 9, ఆదివారం

తీస్తాను అనడం ఎంత తేలిక.

ముందు హన్మవ్వ. నీ కర్ర నువ్వు పీక్కుపో, నా అమ్మను ముట్టుకుంటే నీ బీడీల చాట బాయిల పారేస్త అంది. ఇసుర్రాయి అమ్మ ఎప్పుడైంది అంటే, జ్వరం తగ్గినప్పుడు అంది. తర్వాత సాలేహా. ఆమె తిట్టలేదు, అది ఇంకా కష్టం. తీస్తె ఎవల మీద పడ్తది అక్కా, నా ఇంట్ల చిన్న పిల్లలున్నరు అంది. రాజ్ కిరణ్ అన్నది మాత్రం నా గుండెకు తగిలింది. రాళ్ళు తీసినంక జేసీబీ రాకపోతే ఏం జేస్తవ్ అక్కా? మళ్ళ తాగుబోతులొస్తరు. మళ్ళ నా బిడ్డ చెరకుల ఉరకాలె.

నేను బైబిల్ తెరిచి పేజీలు తిప్పాను.

గ్రేస్ చపాతీలు చేస్తోంది. వెనక్కి తిరగకుండానే చెప్పింది. బాపూ, రాళ్ళకు భయపడ్డోనికి రేపు భయం పోతె ఏం జేస్తడు? నాకు రాయి వద్దు. ఫోన్ చేస్తె ఎత్తి, నడిచి వచ్చే మనిషి కావాలె. అత్తమ్మా, నువ్వు తీయి. నేను ఉంట.

హన్మవ్వ తలుపు దగ్గర నిలబడి ఇదంతా విన్నది. పోతూ పోతూ, ఊకె తీస్తె ఊకోను, మంచిగ సాగనంపాలె అంది. సరే అన్నాను. సాగనంపడం మాకూ తెలుసు.

మార్చి 12, మధ్యాహ్నం

నిజామాబాద్. శాంతి కుమార్ సారు ఆఫీసు వరండా. బీడీల చాట ఒడిలో పెట్టుకుని గోడకు ఆనుకుని కూర్చుని ఇది రాస్తున్నాను. ప్రభువు చెప్పిన కథలో న్యాయం చేసేదాకా అన్యాయపు న్యాయాధిపతిని విసిగించిన విధవరాలు గుర్తుందా? ఆమెకు చాట లేదు. నాకుంది.

శాంతి కుమార్ సారు, ముందు జాగా ఖాళీ చెయ్యి అక్కా, తర్వాత జేసీబీ పంపుతం అంటాడు. ముందు జేసీబీ పంపు, ఆ గడియలోనే ఖాళీ చేస్తం అంటాను. నడుమ ఒక్క సాయంత్రం కూడా ఆ జాగాను ఒంటరిగా వదలను. ఇక్కడే ఇద్దరం ఆగిపోయాం. ఆయన లోపల, నేను బయట.

అటెండర్ వచ్చి బోర్డు చూపించాడు. పొగాకు గీడ మనా ఉన్నది పెద్దమ్మా అన్నాడు. నేను తాగుతలేను బిడ్డా, చుడుతున్న, తాగేటోళ్ళు మా స్టేషన్ రాయి మీద ఉంటుండ్రి అన్నాను. అతను లోపలికి పోయి అదే మాట చెప్పినట్టున్నాడు. లోపల ఎవరో నవ్వారు.

మార్చి 13

మళ్ళీ వరండా. ఇవాళ హన్మవ్వ కూడా చాట తెచ్చుకుంది. రోజా పట్టి సాలేహా వచ్చింది, గాజుల పెట్టె ముందు పెట్టుకుంది. ఆఫీసు ఆడవాళ్ళు బేరాలకు దిగారు. వరండా సంత అయింది.

పెద్ద సారు కారు దిగి, ఇదేంది అన్నాడు. చెప్పాను. రాళ్ళ సంగతి, ఇత్తడి సర్పం సంగతి, ఇసుక సంగతి, గ్రేస్ సంగతి. ఆయన శాంతి కుమార్‌ను పిలిచి, వీళ్ళు వాళ్ళ దేవుళ్ళను వాళ్ళే తీస్తమంటున్నరు, నీకెందుకయ్యా భయం అన్నాడు. తర్వాత పోలీసు పెద్దాయనకు ఫోన్ చేసి మాట్లాడి నాతో, వచ్చే గురువారం జేసీబీ వస్తది, దాని ఎంబడి టెంట్ వస్తది, టెంట్ల ఇద్దరు కానిస్టేబుళ్ళు ఉంటరు, స్టేషన్ అయ్యేదాక గదే మీ ఔట్‌పోస్ట్ అన్నాడు. చాలా అమ్మా అన్నాడు.

చాలు సారూ, చేతి మీద రాసియ్యి అన్నాను. ఎందుకో కాగితం మీద నమ్మకం లేదు. ఆయన నవ్వి, నిజంగానే నా అరచేతి మీద బాల్ పెన్నుతో గురువారం అని రాశాడు.

మార్చి 20, గురువారం

రాయడానికి చేతులు రావడం లేదు. సున్నం, పసుపు, మట్టి. కడుక్కోవాలని లేదు.

జేసీబీ వచ్చింది. అదే డ్రైవర్. వెనక టెంట్ వేసుకుని వ్యాన్ వచ్చింది. కాలనీ మొత్తం దారి మీదే ఉంది. హన్మవ్వ పసుపు నీళ్ళు తెచ్చింది. సాలేహా కడిగిన చేతులతో, తల మీద ఓణీ కప్పుకుని వచ్చింది. నేను బైబిల్ చంకలో పెట్టుకున్నాను.

భూమేష్ ముందే వచ్చి ఉన్నాడు. కుప్పకు అడ్డంగా నిలబడ్డాడు. ఇవాళ నన్ను అవ్వా అనలేదు. ముందుగాల చెయ్యి పెట్టినోళ్ళ ఇల్లు మట్టి గొట్టుకపోతది, తెల్లారెవరకు పీనుగ లేస్తది, నేను జెప్తున్న అన్నాడు. గొంతు పెంచి చెప్పాడు. జనం ఒక అడుగు వెనక్కి వేశారు. చూశాను, నా సంఘం వాళ్ళు కూడా వేశారు. జేసీబీ డ్రైవర్ చెయ్యి మళ్ళీ కీ మీదికి పోయింది.

నేను నోరు తెరిచాను. హిజ్కియా అనబోతున్నాను.

ఈలోగా గ్రేస్ నడిచింది. యూనిఫాంలోనే ఉంది, డ్యూటీకి పోయే టైం. భూమేష్ పక్కనుంచి, అతనక్కడ లేనట్టే పోయి, వంగి, తన మంజీర గుండ్రాయి తీసింది. రెండు చేతులతో పట్టుకుని అందరికీ చూపించింది. అన్నా, పీనుగులను నేను రోజు చూస్త, పేషంట్లను గూడ చూస్త, రాయి ఎత్తి సచ్చినోన్ని ఒక్కన్ని సూడలే అంది. మెల్లగానే అంది. అందరికీ వినిపించింది.

ఎవరో కిసుక్కున నవ్వారు. ఆ నవ్వుతో భూమేష్ మాట విరిగిపోయింది.

హన్మవ్వ కదిలింది. ఇసుర్రాయి మీద పసుపు నీళ్ళు పోసి, పోయిరా తల్లీ, మా స్టేషన్ కిందికి పోయిరా అని బతుకమ్మను పంపినట్టు పంపింది. సాలేహా చాదర్ మడతలు పెట్టి కళ్ళకద్దుకుని, బోధన్ దర్గాకు పంపిస్తానని సంచిలో పెట్టుకుంది. నేను శిలువ పీకాను. తేలిగ్గా వచ్చింది. నాలుగు నెలల కింద అంత గట్టిగా నాటాననుకున్నాను.

తర్వాత అందరూ. ఎవరి రాయి వాళ్ళు. షాబాద్ బండ, ఫ్యాక్టరీ ఇటుక, అన్నీ. ఫ్యాక్టరీ ముసలాయన తన ఇటుకను ఎవరినీ ముట్టుకోనివ్వలేదు. కుప్ప తరుగుతుంటే దాని వెనక నుంచి నల్లటి శంకుస్థాపన రాయి బయటపడింది, తాడుతో సహా. రాళ్ళు ఎక్కడ పారెయ్యాలె అని మేస్త్రీని అడిగితే, మంచి రాళ్ళు, పారేసుడెందుకు, పునాదిల ఏస్త అన్నాడు.

పునాదిలో. విన్నావా? పునాదిలో.

డ్రైవర్ చెప్పులు వేసుకునే బండి స్టార్ట్ చేశాడు. మొదటి బకెట్ మట్టి లేచింది. శాంతి కుమార్ సారు కళ్ళజోడు తుడుచుకుంటూ, అక్కా, నేను సన్బల్లటునా అన్నాడు. ఇవాళ కాదు అన్నాను.

భూమేష్ ఎప్పుడు పోయాడో నేను చూడలేదు. మోటార్ సైకిల్ మాత్రం స్టార్ట్ కాక తోసుకుంటూ పోయాడని సాలేహా చెప్పింది. రోజాలో ఉన్న మనిషి అబద్ధం ఆడదు.

మార్చి 31

ఈద్. సాలేహా షీర్ ఖుర్మా తెచ్చింది. నాకు ఒక గిన్నె, టెంట్‌లో కానిస్టేబుళ్ళకు రెండు గిన్నెలు. ఒకతను మోస్రా ఊరి పిల్లవాడు, మీసం ఇంకా సరిగ్గా రాలేదు. నిన్న చీకట్లో ఇసుక ట్రాక్టర్ ఆపాడట. భూమేష్ ఫోన్ మీద ఫోన్ చేశాడట. ఇతను ప్రతిసారీ ఫోన్ ఎత్తి, స్టేషన్, చెప్పుండ్రి అన్నాడట. ఆ టెంట్‌ను స్టేషన్ అన్నాడు. ఆ మాటకు ఇంకో గిన్నె పోశాను.

గ్రేస్ టెంట్ ముందు నుంచి నడిచి వచ్చింది. చెవిలో ఇయర్‌ఫోన్లు పెట్టుకుని. పాట వింటూ. నవంబర్ నుంచి ఆ దారిలో పాట వినలేదు ఆ పిల్ల.

ఏప్రిల్ 20, ఈస్టర్

ప్రభువు సమాధి రాయి దొర్లించబడింది. ఈ సంవత్సరం ఆ వాక్యం చెబుతుంటే సంఘమంతా నవ్వింది. పాస్టర్ గారు కూడా. గడియారం చూడలేదు.

పిల్లర్లు లేచాయి. రాజ్ కిరణ్ మిల్లు నుంచి వస్తూ రోజూ అక్కడ ఆగి ఒక పిల్లర్‌ను అరచేత్తో తడుతున్నాడు, ఎద్దును తట్టినట్టు.

ఏప్రిల్ 29, పొద్దున

కాంట్రాక్టర్ మనిషి వచ్చాడు. ట్యాంకర్ రాదట. పిల్లర్లు తడపడానికి నీళ్ళు లేవట. తడపకపోతే పగుళ్ళొస్తాయట. అందుకని పని వానల దాకా ఆపుతారట. టెంట్ కూడా ఎత్తేస్తారేమో తెలియదట.

వానల దాకా. మళ్ళీ.

నెహెమ్యా గోడ కట్టించేటప్పుడు మనుషులను ఎక్కడి నుంచి తెచ్చాడు? ఎవరి ఇంటి ముందు వాళ్ళను నిలబెట్టాడు.

ఇవాళ మన నల్లా వచ్చే రోజు. గ్రేస్ రెండు బిందెలు నింపి గుమ్మంలో పెట్టింది. హన్మవ్వ బిందె ఎత్తుకుని పిల్లర్ల దగ్గరికి పోయింది. సాలేహా గాజుల బండి ఖాళీ చేసి డ్రమ్ము ఎక్కించింది. పిల్లర్లకు చుట్టిన గోనెసంచులు ఎండిపోతున్నాయి, ఎండ పైకి వస్తోంది. నువ్వెవరివైనా సరే, ఇంతసేపు కూర్చుని విన్నావు. ఇక కూర్చోకు. ఇంటికో బిందె. నల్లా పోకముందే, ఇవాళే, ఇప్పుడే. లే.